జీతం ఎంత అని కాదు, మానేయొచ్చా అని అడగండి

పోయిన నెల జూనియర్ ఒకడు మెసేజ్ పెట్టాడు. ‘అన్నా, సైప్రస్ ఎలా ఉంటుంది? కన్సల్టెన్సీ వాళ్లు సీటు గ్యారంటీ అంటున్నారు. చదువుకుంటూ పార్ట్‌టైమ్ చేసుకోవచ్చట, రెండేళ్లు ఓపిక పడితే యూరప్ మొత్తం మనదేనట. నెలకి ఎంత మిగులుతుందంటావ్?’

ఈ మధ్య నా బ్లాగులో కోడింగ్ టూల్స్ గురించి రాసేదాని కంటే ఇలాంటి మెసేజ్‌లకు జవాబులు రాయడమే ఎక్కువైంది. మామూలుగా అయితే ‘నాకు తెలీదు తమ్ముడూ, అక్కడున్న వాళ్లను అడుగు’ అని ఊరుకునేవాణ్ని. కానీ సైప్రస్ పేరు వినగానే రెండు విషయాలు గుర్తొచ్చి చెయ్యి ఆగింది. ఒకప్పుడు ఆ దీవి నుంచే జనం పొట్ట చేతపట్టుకుని లండన్ వెళ్లారు. ఇవాళ అదే దీవిలో ఇళ్లు తుడిచేది, ముసలివాళ్లకు అన్నం పెట్టేది ఫిలిప్పీన్స్ లాంటి దేశాల నుంచి వచ్చిన ఆడవాళ్లు. ఇద్దరూ దీవుల వాళ్లే, ఇద్దరూ వలస వెళ్లినవాళ్లే. కానీ వలస వాళ్లకి ఇచ్చిన బతుకులు మాత్రం ఒకటి కావు. ఎందుకు కాలేదో చూస్తే, ‘నెలకి ఎంత మిగులుతుంది’ అనేది అడగాల్సిన మొదటి ప్రశ్న కాదని నాకు అర్థమైంది. పాస్‌పోర్ట్‌కి అప్లై చేసిన వాళ్లు, చేద్దామనుకుంటున్న వాళ్లు కాస్త ఓపిగ్గా చదవండి.

కుట్టుమిషన్ వెంట లండన్‌కి

సైప్రస్ 1878లో బ్రిటిష్ పాలనలోకి వచ్చింది, 1960లో స్వతంత్ర దేశమైంది. ఊళ్లలో ద్రాక్షతోటలు, ఆలివ్ చెట్లు, మేకల మందలు. వాటి మీద వచ్చే ఆదాయం ఇంటిల్లిపాదికీ చాలేది కాదు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందే కొందరు లండన్ దారి పట్టారు. 1950లలో, 60ల మొదట్లో అది వరదైంది. 1962లో బ్రిటన్ కామన్వెల్త్ వలసల చట్టం తెచ్చి తలుపు సగం మూసేలోపు చాలామంది వెళ్లిపోయారు.

వీళ్లలో ఎక్కువమందికి పెద్ద చదువుల్లేవు. ఇంగ్లిష్ అంతంతమాత్రం. మగవాళ్లు కేఫుల్లో గిన్నెలు కడిగారు, వెయిటర్లుగా చేశారు, బూట్లు తయారుచేశారు, క్షౌరశాలలు పెట్టారు. ఆడవాళ్లు గౌన్లు కుట్టే ఫ్యాక్టరీల్లో మిషన్ల ముందు కూర్చున్నారు. పిల్లలు చిన్నవాళ్లయితే కత్తిరించిన బట్ట ఇంటికే వచ్చేది, పీసుకింత అని డబ్బు. ఇందులో గొప్పగా చెప్పుకోవాల్సింది ఏమీ లేదు. ఇంట్లో కూర్చుని కుట్టిన ఆడవాళ్లలో చాలామంది పేర్లు యజమాని పుస్తకాల్లోనే ఉండేవి కావు. వాళ్ల తరఫున నేషనల్ ఇన్సూరెన్స్ కట్టినవాడు లేడు. వయసు మళ్లి పెన్షన్ దగ్గరికి వచ్చేసరికి ఆ లోటు బయటపడింది.

అంటే మొదటి రోజు జీతం చూస్తే వీళ్లది బాగా కిందిస్థాయి. కానీ వాళ్ల దగ్గర ఒక కాగితం బలం ఉంది. 1948 నాటి బ్రిటిష్ జాతీయతా చట్టం ప్రకారం వాళ్లు ‘యునైటెడ్ కింగ్‌డమ్, దాని కాలనీల’ పౌరులు. రోజువారీ బతుకులో దీనికి అర్థం ఏంటో చూడండి. ఈ ఫ్యాక్టరీలో రేటు నచ్చకపోతే పక్క వీధి ఫ్యాక్టరీకి వెళ్లొచ్చు. మావయ్య హోటల్లో మూడేళ్లు పనిచేసి, పని నేర్చుకుని, తనే ఓ చిన్న షాపు అద్దెకి తీసుకోవచ్చు. భార్యని, తమ్ముణ్ని, మేనల్లుణ్ని రప్పించుకోవచ్చు. ఇల్లు కొనుక్కోవచ్చు. ఓటు వెయ్యొచ్చు. యజమానికి కోపం వస్తే ఉద్యోగం పోతుంది, అంతేగానీ దేశం పోదు.

అక్కడి నుంచి కథ వీధి వీధిగా నడిచింది. మొదట సోహో, క్యామ్డెన్ లాంటి చోట్ల అద్దె గదులు. తర్వాత హారింగే. ఆ తర్వాత ఇంకాస్త పైకి, పామర్స్ గ్రీన్, సౌత్‌గేట్, ఎన్‌ఫీల్డ్. లండన్ మ్యాప్ తీసి చూస్తే ఒక సమాజం ముప్ఫై నలభై ఏళ్లలో అద్దె గది నుంచి పెరడున్న సొంతింటికి ఎలా నడిచి వెళ్లిందో వేలుతో గీయొచ్చు. పామర్స్ గ్రీన్‌ని లండన్ వాళ్లు సరదాగా ‘పామర్స్ గ్రీక్’ అంటారు. హారింగేలోని గ్రీన్ లేన్స్ అనే రోడ్డు మీద గ్రీకు సైప్రియట్ల షాపు, టర్కిష్ సైప్రియట్ల షాపు పక్కపక్కనే ఉండేవి. సొంత దీవిలో తుపాకులు పట్టుకున్న రెండు వర్గాలు ఇక్కడ ఒకే రోడ్డు మీద బేరాలు చేసుకున్నాయి.

పేరు పడ్డవాళ్లూ ఉన్నారు. రియో స్టాకిస్ అనే కుర్రాడు 1928లో, ఇంకా టీనేజీలో ఉండగానే, తల్లి అల్లిన లేసు సంచిలో వేసుకుని బ్రిటన్ వచ్చి ఇంటింటికీ తిరిగి అమ్మాడు. మన నరసాపురం వైపు ఆడవాళ్లు అల్లే లేసు లాంటిదే అనుకోండి, సైప్రస్‌లో లెఫ్కరా లేసుకి అంత పేరు. అతను తర్వాత స్కాట్లాండ్‌లో హోటళ్ల గొలుసే కట్టాడు, సర్ బిరుదు అందుకున్నాడు. టీవీలో కొత్త వ్యాపారాలకు పెట్టుబడి పెట్టే షోతో ప్రసిద్ధుడైన థియో పఫైటిస్ సైప్రస్‌లోని లిమసోల్‌లో పుట్టినవాడు. పాప్ సింగర్ జార్జ్ మైకేల్ తండ్రి 1950లలో సైప్రస్ నుంచి వచ్చి రెస్టారెంట్ నడిపాడు. ఈ పేర్లు చెప్పి మిమ్మల్ని ఊరించడం నా ఉద్దేశం కాదు. వీళ్లు వేలల్లో ఒక్కరు. నాకు ముఖ్యమనిపించేది పేరు రానివాళ్ల సంగతి. తల్లి మిషన్ కుట్టింది, కొడుకు అకౌంటెంటో, ఫార్మసిస్టో, ఎస్టేట్ ఏజెంటో అయ్యాడు. లండన్ సైప్రియట్ ఇళ్లలో ఇది మామూలు కథ.

1974 జూలైలో టర్కీ సైన్యం సైప్రస్‌లో దిగింది. దీవి రెండు ముక్కలైంది, ఇప్పటికీ అలాగే ఉంది. గ్రీకు సైప్రియట్లలో సుమారు మూడో వంతు మంది ఇళ్లు వదిలి పరుగెత్తాల్సి వచ్చింది. ఉత్తరాది ఊళ్ల నుంచి లండన్ వచ్చిన గ్రీకు సైప్రియట్లకి ‘కొన్నేళ్లు సంపాదించి ఊరికి వెళ్లిపోదాం’ అన్న ఆలోచనకే చోటు లేకుండా పోయింది. ఊరు అవతలి వైపు ఉండిపోయింది. దాంతో డబ్బు ఉన్నచోటే ఇల్లయింది, షాపయింది, పిల్లల చదువయింది. కష్టం తెచ్చిన నిర్ణయమే, కాదనను. 1980లు, 90లలో చవక దిగుమతులొచ్చి లండన్ కుట్టు ఫ్యాక్టరీలు వరసగా మూతపడ్డప్పుడు ఆ సొంతిల్లే చాలామందిని నిలబెట్టింది.

అదే ఏడాది, ఇంకో దీవుల దేశంలో

అదే 1974లో, మే 1న, ఫిలిప్పీన్స్‌లో మార్కోస్ ప్రభుత్వం కొత్త లేబర్ కోడ్ తెచ్చింది. గల్ఫ్‌లో చమురు డబ్బు పొంగుతోంది. ఇక్కడ ఉద్యోగాల్లేవు, విదేశీ మారకం లేదు. కాబట్టి మనుషుల్ని పంపించే పని ప్రభుత్వమే చేతుల్లోకి తీసుకుంది. కొన్నాళ్ల ఏర్పాటే అనుకున్నారు. యాభై ఏళ్లు దాటింది, ఇంకా నడుస్తోంది. 2021 చివర్లో వలస కార్మికుల కోసం ప్రత్యేకంగా ఒక మంత్రిత్వ శాఖ పెట్టడానికి చట్టమే చేశారు.

వాళ్ల పద్ధతి తెలిస్తే నిజంగా మెచ్చుకోబుద్ధేస్తుంది. విదేశానికి పనికి వెళ్లేవాళ్లు ముందు ఒక ఓరియంటేషన్ క్లాసులో కూర్చోవాలి. ఒప్పందాన్ని ప్రభుత్వ ఆఫీసు చూడాలి. ఉద్యోగ ధ్రువపత్రం లేకపోతే ఎయిర్‌పోర్టు దాటనివ్వరు. ఇంటిపని చేసేవాళ్లకు నెలకి 400 డాలర్లకు తక్కువైతే పంపేది లేదని 2006లోనే రూల్ పెట్టారు. 2023లో ఒక్క బ్యాంకుల ద్వారానే ఆ దేశానికి వచ్చిన డబ్బు 33 బిలియన్ డాలర్లు దాటింది. 1988లో అప్పటి అధ్యక్షురాలు కొరజాన్ అక్వినో వీళ్లను ‘కొత్త వీరులు’ అన్నారు. అంతకు కొన్నేళ్ల ముందు, 1982లో, ఆ వీరులు జీతంలో సగం నుంచి 80 శాతం దాకా బ్యాంకుల ద్వారా ఇంటికి పంపి తీరాలని, లేకపోతే పాస్‌పోర్ట్ రెన్యువల్ చేయమని ఆర్డర్ వేసిందీ ఆ దేశమే. గోల పెట్టాక 1985లో శిక్షలు ఎత్తేశారు. వీరుడు అనిపించుకోవడం ఖరీదైన వ్యవహారమే.

ఇప్పుడు లండన్‌కే తిరిగొద్దాం, ఎందుకంటే రెండు సమాజాలనీ ఒకే ఊళ్లో పెట్టి చూస్తేనే పోలిక నిజాయతీగా ఉంటుంది. 2000 ప్రాంతంలో బ్రిటన్ ఆస్పత్రులకు నర్సులు కరువై ఫిలిప్పీన్స్ నుంచి పెద్ద ఎత్తున తీసుకోవడం మొదలుపెట్టారు. నాలుగేళ్ల నర్సింగ్ డిగ్రీ, ఇంగ్లిష్‌లో చదువు, ఆస్పత్రి అనుభవం. 2020 డిసెంబర్ 8న కోవెంట్రీలో ట్రయల్స్ బయట ప్రపంచంలోనే మొదటి ఫైజర్ కోవిడ్ టీకా వేసిన చెయ్యి మే పార్సన్స్‌ది. ఆవిడ ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన నర్సే.

మొదటి రోజు లెక్క చూస్తే ఈ నర్సు ఎక్కడ, గిన్నెలు కడిగిన ఆ సైప్రియట్ ఎక్కడ! 2024-25లో ఇంగ్లండ్ ప్రభుత్వ ఆస్పత్రుల్లో కొత్త నర్సు ప్రారంభ జీతం ఏడాదికి 29,970 పౌండ్లు. ఉద్యోగం పక్కా, పెన్షన్ ఉంది, పేస్లిప్ వస్తుంది. కానీ వీసా మీద స్పాన్సర్ పేరు ఉంటుంది. ఉద్యోగం పోతే మామూలుగా 60 రోజుల్లో ఇంకో స్పాన్సర్‌ని వెతుక్కోవాలి. వార్డులో అన్యాయం జరిగిందనిపించినా నోరు విప్పే ముందు క్యాలెండర్ వైపు చూస్తారు. ప్రమోషన్లు నెమ్మది. ఇక జీతంలో ఒక ముక్క ప్రతినెలా సముద్రం దాటుతుంది. తమ్ముడి ఫీజు, నాన్న డయాలసిస్, తుపానుకి ఎగిరిపోయిన కప్పు. సైప్రియట్ కుటుంబం లండన్ ఇంటి వాయిదా కట్టిన వయసులో ఫిలిప్పీనో నర్సు రెండు దేశాల్లో రెండు ఇళ్లు నడుపుతుంది. తప్పా? కాదు. మన ఇళ్లలో జరిగేదీ ఇదే. లెక్కలో మాత్రం తేడా వస్తుంది.

అయినా నర్సుల కథ చివరికి మంచి మలుపే తిరిగింది. అయిదేళ్లకి శాశ్వత నివాసం, ఆ తర్వాత పౌరసత్వం, పిల్లలు అక్కడి యూనివర్సిటీల్లో. తలుపు కాస్త ఆలస్యంగానైనా తెరుచుకుంది. (ఆ అయిదేళ్లను పదేళ్లు చేస్తామని బ్రిటన్ 2025 మేలో ప్రతిపాదించింది. వెళ్లాలనుకునే నర్సింగ్ విద్యార్థులు ఈ ఒక్క వార్తని మాత్రం వదలకుండా ఫాలో అవ్వండి.)

ఇప్పుడు అదే లండన్‌లో, అదే పాస్‌పోర్ట్‌తో ఉన్న ఇంకో ఫిలిప్పీనో మహిళని చూడండి. గల్ఫ్ నుంచి వచ్చిన ధనిక కుటుంబంతో పాటు ఇంటిపని వీసా మీద దిగింది. 2012 ఏప్రిల్ ముందు అయితే యజమాని కొడితే ఇల్లు మారి అక్కడే పని చూసుకునే హక్కు ఉండేది, వీసా పొడిగించుకునే వీలుండేది. 2012లో అవి తీసేశారు. ఆరు నెలల వీసా, పొడిగింపు లేదు. 2016లో యజమానిని మార్చుకునే వీలు మళ్లీ ఇచ్చారు గానీ, ఆ ఆరు నెలల లోపే. రెండు మూడు నెలల వీసా మాత్రమే మిగిలిన మనిషిని పనిలోకి ఎవరు తీసుకుంటారు?

ఒకే దేశం వాళ్లు, ఒకే ఊళ్లో, రెండు వేరు వేరు ఆర్థిక వ్యవస్థల్లో బతుకుతున్నారు. అమెరికాకి వెళ్తే మూడోది కనిపిస్తుంది. 1965 వలస చట్టం తర్వాత కుటుంబాలతో స్థిరపడిన ఫిలిప్పీనో అమెరికన్ల సగటు ఇంటి ఆదాయం దేశ సగటు కంటే ఎక్కువ. అందుకే ‘ఫలానా దేశం వాళ్లు కష్టపడతారు, ఫలానా వాళ్లకి వ్యాపారం రక్తంలోనే ఉంది’ అనే మాటలు వింటే నాకు చిరాకు. ఒకే రక్తం, లండన్‌లో ఒకలాగా, కాలిఫోర్నియాలో ఒకలాగా, నికోసియాలో ఇంకోలాగా ఎందుకుంటుంది? నికోసియా అంటే సైప్రస్ రాజధాని. ఇప్పుడు అక్కడికే వెళ్తున్నాం.

మనవల ఇంట్లో పనిమనిషి

లండన్‌కి వలస వెళ్లిన సైప్రస్ 2004లో యూరోపియన్ యూనియన్‌లో చేరింది, 2008లో యూరో తెచ్చుకుంది. పర్యాటకం, బ్యాంకులు, షిప్పింగ్‌తో ధనిక దేశమైంది. ఆడవాళ్లు ఉద్యోగాలకి వెళ్లారు, పెద్దవాళ్లను చూసుకునే వాళ్లు కావాల్సి వచ్చారు. ఫిలిప్పీన్స్, శ్రీలంక, నేపాల్, భారత్ నుంచి ఆడవాళ్లను రప్పించుకోవడం మొదలైంది. వీళ్లలో కాలేజీ డిగ్రీలున్నవాళ్లు, టీచర్లుగా చేసి వచ్చినవాళ్లు కూడా ఉన్నారు. ఆదివారం సెలవు రోజున నికోసియా పార్కుల్లో గుంపులుగా కూర్చుని ఇంటి భోజనం పంచుకుంటారు.

జీతం ప్రభుత్వం ఖరారు చేసిన ఒప్పందం ప్రకారమే. గత దశాబ్దంలో ఏళ్ల తరబడి వాళ్ల చేతికొచ్చింది నెలకి 309 యూరోలు. 2023 జనవరి నుంచి సైప్రస్ మొదటిసారి దేశమంతటికీ కనీస వేతనం అమలు చేసింది, నెలకి 940 యూరోలు. ఇంటిపని చేసేవాళ్లను అందులోంచి మినహాయించింది. వీసా యజమాని పేరుకి ముడిపడి ఉంటుంది. కుటుంబాన్ని తెచ్చుకునే వీలు లేదు. మామూలుగా ఆరేళ్లకి మించి ఉండనివ్వరు.

ఒక ఫిలిప్పీనో పనిమనిషి ఈ ఆరేళ్ల గోడని కోర్టులో ఢీకొట్టింది. యూరోపియన్ యూనియన్ చట్టం ప్రకారం అయిదేళ్లు సక్రమంగా నివసిస్తే దీర్ఘకాలిక నివాసానికి అప్లై చేసుకోవచ్చు కదా, నాకూ ఇవ్వండి అంది. 2008లో సైప్రస్ సుప్రీంకోర్టు కుదరదంది. నీ పర్మిట్లన్నీ గడువున్నవి, కాబట్టి నీ నివాసం లెక్కలోకి రాదు అని దాని సారాంశం. ఒక్కసారి ఆలోచించండి. 1955లో లండన్‌లో దిగిన సైప్రియట్‌కి బ్రిటన్ ఇదే మాట చెప్పి ఉంటే గ్రీన్ లేన్స్ ఉండేదా, స్టాకిస్ హోటళ్లుండేవా? తాతలు లండన్‌లో పొందినదాన్ని మనవలు తమ వంటింట్లో పనిచేసే మనిషికి ఇవ్వలేదు. ఇది సైప్రియట్లను తిట్టడానికి రాయట్లేదు. హైదరాబాద్‌లో మన అపార్ట్‌మెంట్ల లిఫ్టుల దగ్గర పనివాళ్లకి వేరే అని బోర్డులు పెట్టుకున్నవాళ్లం మనం.

2019లో ఆ దీవిలో ఒక సైనికాధికారి ఏడుగురు విదేశీ మహిళల్ని, పిల్లల్ని చంపినట్టు బయటపడింది. చనిపోయినవాళ్లలో ఫిలిప్పీన్స్ నుంచి పనికి వచ్చిన మహిళలున్నారు. కనిపించడం లేదని ఫిర్యాదులు వెళ్లినా పోలీసులు పట్టించుకోలేదు, వేరే పని చూసుకుని పారిపోయి ఉంటుందిలే అనుకున్నారు. న్యాయశాఖ మంత్రి రాజీనామా చేశారు, పోలీసు చీఫ్‌ని తీసేశారు. మాయమైనా వెతకరని తెలిసిన మనిషి జీతం గురించి ఏం బేరమాడుతుంది?

సైప్రస్ మనిషే చెప్పిన సూత్రం

విచిత్రమేంటంటే, ఈ మొత్తం గొడవకి సూత్రం రాసినవాళ్లలో ఒకరు సైప్రస్ నుంచి బ్రిటన్‌కి వలస వెళ్లినవాడే. క్రిస్టఫర్ పిసరైడిస్ 1948లో నికోసియాలో పుట్టాడు. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో ప్రొఫెసర్. 2010లో ఇంకో ఇద్దరితో కలిసి నోబెల్ అందుకున్నాడు. ఏ అంశం మీదో తెలుసా? ఉద్యోగాల వెతుకులాట. మీరూ నేనూ రోజూ పోర్టల్స్‌లో చేసేదే.

వాళ్ల మోడల్‌ని నేను ఇంజినీర్‌గా అర్థం చేసుకున్నంత వరకు ఇలా ఉంటుంది. ఉద్యోగాలూ ఖాళీగా ఉంటాయి, మనుషులూ ఖాళీగా ఉంటారు, ఒకరినొకరు కనుక్కోవడానికి టైమూ డబ్బూ పడతాయి. ఇద్దరూ కలిశాక జీతం బేరంలో తేలుతుంది. ఆ బేరంలో మీ బలం మీ డిగ్రీ ఒక్కటే కాదు. ‘ఇది కుదరకపోతే నా చేతిలో ఇంకేముంది’ అన్నది కూడా. లేచి వెళ్లిపోగలిగినవాడికి ఒక రేటు, వెళ్లలేనివాడికి ఇంకో రేటు. పక్క వీధి ఫ్యాక్టరీకి వెళ్లగలిగే సైప్రియట్ దర్జీకి బేరం ఉంది. యజమాని పేరు వీసా మీదున్న టీచర్ డిగ్రీ మనిషికి బేరం లేదు. ఆవిడ 309 యూరోలు ఆవిడ పనితనం విలువ కాదు, ఆవిడ వెళ్లిపోలేదన్న సంగతి విలువ.

ఇది మా ఇంట్లో చూశాను. మాది రాజోలు వైపు. మా ఊళ్లో గల్ఫ్‌కి వెళ్లిన ఆడమనిషి లేని వీధి లేదు. మా పిన్ని పన్నెండేళ్లు కువైట్‌లో ఇంటిపని చేసింది. పాస్‌పోర్ట్ వాళ్ల బీరువాలో ఉండేది. ఒప్పందం కాగితం ఉంది గానీ అరబిక్‌లో ఉంది, అందులో ఏముందో తనకి ఇవాళ్టికీ తెలీదు. అదే ఇంట్లో ఫిలిప్పీన్స్ ఆవిడ ఒకరు పనిచేసేవారు. ఇద్దరిదీ ఒకటే పని, కానీ జీతం ఆవిడకే ఎక్కువ. ‘వాళ్ల గవర్నమెంటు ఊరుకోదంట’ అని పిన్ని ఫోన్‌లో చెప్పడం నాకు గుర్తు. తర్వాత 2018లో ఫిలిప్పీన్స్ ప్రభుత్వం కువైట్‌కి మనుషుల్ని పంపడం ఆపేసి, పాస్‌పోర్టులు లాక్కోకూడదని ఒప్పందం రాయించుకుంది కూడా. మన దేశానికి ఏడాదికి వచ్చే ప్రవాసుల డబ్బు 100 బిలియన్ డాలర్లు దాటింది, ప్రపంచంలో మనదే మొదటి స్థానం. పిన్ని లాంటివాళ్ల తరఫున అంత గట్టిగా బేరమాడిన సందర్భం నాకు కనపడలేదు.

అలా అని ఫిలిప్పీన్స్ పద్ధతే మందు అనను. నాకు సగమే నచ్చింది. అది జీతాన్ని కాస్త పెంచింది, తలుపుని మార్చలేదు. ఆ ఫిలిప్పీన్స్ ఆవిడా యజమాని ఒప్పుకోకపోతే ఇల్లు మారలేదు, పిన్నీ మారలేదు. పన్నెండేళ్ల తర్వాత పిన్ని ఊళ్లో డాబా ఇల్లుంది, చెల్లి పెళ్లయింది. తనకంటూ అక్కడ మిగిలింది మాత్రం ఏమీ లేదు.

ఇది ఇంటిపనివాళ్ల కథ, మాకెందుకు, మేం బీటెక్ అంటారేమో. అమెరికాలో ఉన్న మీ అన్నయ్యని అడగండి. హెచ్-1బీ మీద లేఆఫ్ అయితే 60 రోజుల గడువే. గ్రీన్‌కార్డు క్యూలో ఉన్నవాడు ప్రమోషన్ వచ్చినా, వేరే ఊళ్లో మంచి ఆఫర్ వచ్చినా లాయర్‌ని అడగకుండా కదలడు. జీతం లక్ష డాలర్లు దాటినా అడిగే ప్రశ్న పిన్నిదే. తేడా ఏంటంటే, హెచ్-1బీని వేరే కంపెనీకి మార్చుకోవచ్చు. ఆ ఒక్క వెసులుబాటు వల్లే అక్కడ మనవాళ్ల జీతాలు పెరిగే దారి దొరికిందని నా నమ్మకం. 2024 మార్చి తర్వాత బ్రిటన్‌కి కేర్ వర్కర్లుగా వెళ్లినవాళ్లకి భార్యాభర్తల్ని, పిల్లల్ని తీసుకెళ్లే వీలే లేదు. 2025 జూలైలో ఆ ఉద్యోగాలకి విదేశాల నుంచి కొత్తగా తీసుకోవడమే ఆపేశారు. ఏజెంట్ల బ్యానర్లు మాత్రం ఇంత త్వరగా మారవు.

అందుకే ఆఫర్ లెటర్‌లో అంకె చూసే ముందు వీసా మీద ఎవరి పేరుందో చూడండి. ఆ యజమానిని వదిలేస్తే ఎన్ని రోజులు ఉండనిస్తారు, ఇంకో చోట చేరనిస్తారా అడగండి. ఎన్నేళ్లకి శాశ్వత నివాసం వస్తుంది, అసలు ఆ వీసా మీద గడిపిన ఏళ్లు లెక్కలోకి వస్తాయా అడగండి. ఆ సైప్రస్ కేసు గుర్తుపెట్టుకోండి, ఉన్న ఏళ్లు అన్నీ లెక్కలోకి రావు. వెళ్లాక ఇంటికి డబ్బు పంపండి, కాదనను, కానీ ఆ దేశంలో మీకంటూ ఒక సర్టిఫికెట్టో, లైసెన్సో, భాషో కొనుక్కోవడానికి కొంత ఉంచుకోండి. ‘మావాడు స్వార్థపరుడైపోయాడు’ అని ఊళ్లో అంటారు. అననివ్వండి.

మావాడికి ఇదంతా ఫోన్‌లో చెప్పాను. సైప్రస్ యూరోపియన్ యూనియన్‌లో ఉంది గానీ 2025 అయిపోయే వరకు షెంజెన్‌లో చేరనే లేదు, ‘యూరప్ మొత్తం మనదే’ అనేది ఏ లెక్కన అన్నారో అడగమన్నాను. స్టూడెంట్ వీసా మీద ఏ రంగాల్లో, ఎన్ని గంటలు పనిచేయనిస్తారో రాతలో ఇమ్మని అడగమన్నాను. కాలేజీ నచ్చకపోతే మారొచ్చా అని అడగమన్నాను. రెండు రోజుల తర్వాత మెసేజ్ వచ్చింది. కన్సల్టెన్సీ మేడమ్ నవ్వి, ‘అవన్నీ అక్కడికెళ్లాక చూసుకోవచ్చు నాన్నా, ముందు సీటు బ్లాక్ చేద్దాం’ అందట. వాళ్ల నాన్నగారు ఎకరం తాకట్టు పెట్టడానికి ఆల్రెడీ మాట్లాడేశారట. ఆదివారం వాళ్లింటికి వెళ్తున్నాను. పిన్ని కూడా వస్తానంది, తన అరబిక్ కాగితం పట్టుకుని.